గల్లీల క్రేన్ పట్టది

మా మేనల్లుడు జగిత్యాల ఖిల్లా దిక్కు పాత గల్లీల ఉన్న ఇల్లు కూలగొట్టి, రెడీమేడ్ కాంక్రీట్ గోడలతోని అపార్ట్‌మెంట్ లేపుతనంటున్నడు. "మామా, ఇటుక లేదు, తడుపుడు లేదు, గోడలు ఫ్యాక్టరీల తయారై వస్తయ్. నిలవెట్టుడే" అంటడు. మేడిపల్లిల అరుగు మీద కూసున్న ముసలోనికి ఏం ఎరుక అని వాని లెక్క.

ఎరుకనే బిడ్డా. మేడిపల్లి, కోరుట్ల, సిరిసిల్ల పోరగాండ్లు దుబాయి బాట పట్టిన రోజులల్ల నేను చేసిన కొలువు గదే. ఇనుప అచ్చుకు నూనె రాస్తుంటిమి. సలాకల జాలి కూసోవెట్టి, కరెంటు పైపులు, క్రేన్ పట్టే కొండీలు ముందే కడుతుంటిమి. కాంక్రీట్ పోసి వైబ్రేటర్ పెడితే తెల్లారి గోడ నున్నగ బయటికొస్తుండె. కిటికీ సందు సుత అచ్చులనే. తడుపుడు లేదని ఎవడన్నడు? నీళ్లు తాగని కాంక్రీట్ ఉంటదా? ఆ తడుపుడేదో యార్డులనే అయితది, గంతే.

మా రోజుల్ల ఇల్లంటే మూరెడు మందం మట్టిగోడ, టేకు మొగురాలు, దూలాలు, మీద గూనపెంక, ముంగట అరుగు. ఉన్నోళ్లయితే గానుగల తిప్పిన డంగు సున్నం వాడుతుండె. వానకాలమొస్తే ఉరుస్తుండె, చెదలు పడుతుండె, పెంక సదరబోతే తేలు కుట్టుతుండె. అబద్ధమెందుకు? కని కొడుకు పెండ్లయితే పక్కకు ఇంకో అర్ర ఏస్తుంటిమి. సిరిసిల్లల ఇంటెనకనే సాంచెలు పెట్టుకున్నరు. ఇల్లు మన అక్కెరను బట్టి పెరుగుతుండె. ఈ అచ్చు గోడలల్ల గోడనే బరువు మోస్తది. కొత్తగ ఒక దర్వాజ పెట్టాలన్నా ఇంజినీర్‌ను అడగంది ముట్టద్దు.

ఇది కొత్త ఇద్దెమేం గాదు. దేశం రెండు ముక్కలైనప్పుడు కాందిశీకులకు ఇండ్లు కావాలని ఢిల్లీల సర్కారే ఇండ్ల ఫ్యాక్టరీ పెట్టింది. రష్యాల కృశ్చేవ్ జమానల ఐదంతస్తుల పలకల ఇండ్లు ఊర్లకూర్లే లేపిన్రు. మొన్న మొన్న 2022ల చెన్నై పెరుంబాక్కంల గిట్లనే ముందుగ పోసిన కాంక్రీట్‌తోని 1,152 ఇండ్లు కట్టిన్రు. మన హైదరాబాద్ మెట్రో మీది బాట సుత ఉప్పల్, కుత్బుల్లాపూర్ యార్డులల్ల ముక్కలు ముక్కలుగ పోసి తెచ్చిందే. పని బాగుంటది, కాదన.

కని పలక గొప్పది కాదు, అతుకు గొప్పది. లండన్‌ల రోనన్ పాయింట్ అని 22 అంతస్తుల బిల్డింగ్ ఉండె. 1968 మే 16 నాడు 18వ అంతస్తుల గ్యాస్ పేలితే ఒక గోడ ఊడింది, దాని ఎంబడి ఒక మూల మొత్తం మీదికెళ్లి కింది దాక కూలింది. నలుగురు పోయిన్రు. 1986ల దాన్ని విప్పుతుంటే అతుకులల్ల మసాల సక్కగ నింపలేదని బయటపడ్డది. ఫ్యాక్టరీల ఎంత మంచిగ పోసినా, సైట్ల అతుకు నింపెటోడు ఆ పూట బద్ధకం చేస్తే గంతే సంగతి.

ఇగ మా వాని గల్లీ ముచ్చట. ఖిల్లా 1747ల కట్టింది. ఆ దిక్కు గల్లీలు ఎడ్లబండి కొలతకు పడ్డయి. ఆటో మలుపుకుంటనే ఆయన అరుగు ఈయన గోడ రాసుకపోతది. టన్నుల బరువు గోడలు మోసుకొచ్చే ట్రైలర్ ఏడికెల్లి వస్తది? క్రేన్ కాళ్లు ఏడ సాపుతది? కరెంటు తీగలు ఎవలు ఎత్తుతరు? దుబాయిల మేం నిలవెట్టింది ఖాళీ ఇసుకల. పెరుంబాక్కం సుత ఊరవతలి జాగనే. పాత గల్లీల ఈ పని వెట్టుకుంటే ముందు పక్కోని అరుగు పోతది, ఎనక మూలమలుపు ఇల్లు పోతది. ఒక్క బిల్డింగ్ తొందరగ లేపబోయి గల్లీనే కూలగొడుతరు.

అందుకే చెప్తున్న. పలకల ఇల్లు కట్టుకోవాల్నంటే ఊరవతల ఇరువై ఫీట్ల బాట కాదు, ట్రైలర్ మలిగే బాట ఉన్న జాగ చూసుకోండ్రి. పాత గల్లీల ఇటుకతోనే కట్టుకోండ్రి, ఆలస్యమైతే అయితది. ఇగ అచ్చు గోడల ఫ్లాట్ కొనెటోళ్లకు ఒక మాట: ఎండకాలంల చూసి అడ్వాన్స్ ఇయ్యకుండ్రి. గట్టి వాన పడ్డ తెల్లారి పోయి, లోపలికెల్లి అతుకుల పొంటి చెయ్యి పెట్టి చూడుండ్రి.