బుడగ మధ్యలోనే ఉందండీ

న్యూజెర్సీలో పెరట్లో డెక్కు వేసుకోవాలంటే ముందు టౌన్‌షిప్ వాళ్ల పర్మిట్టు, ఆ తర్వాత మూడడుగుల లోతు గోతులు. చలికాలంలో నేలలో తేమ గడ్డకట్టి, పొంగి, స్తంభాల్ని ఎత్తేస్తుంది కనక ఆ గడ్డ దిగని లోతు నుంచి కాంక్రీటు పోసుకురావాలి. అంతవరకూ బుద్ధిగానే చేశాను. నా బుద్ధి అక్కడితో అయిపోయింది.

డెక్కు పలకల్ని మోసే దూలమే జాయిస్టు. టూ బై ఎయిట్ అని అమ్మే ఆ దూలం నిజానికి ఒకటిన్నర అంగుళం మందం, ఏడుంబావు వెడల్పు. పేరొకటి, కొలతొకటి. పైగా ప్రతి దానికీ ఎంతో కొంత గూను ఉంటుంది. ఆ గూను పైకి ఉండేలా బిగిస్తే బరువు పడ్డాక సర్దుకుంటుంది. నేను పదమూడింట్లో ఐదు పైకీ, ఎనిమిది కిందికీ పెట్టాను. పదహారేసి అంగుళాలకి ఒకటి చొప్పున అలలు లేచాయి. మా ఆవిడ చూసి, "మైపాడు బీచి గుర్తొస్తోంది" అని లోపలికెళ్లిపోయింది.

భీమవరంలో మేస్త్రీల నెత్తిన కూర్చుని రెండిళ్లు కట్టించిన మామగారు అప్పుడు మా దగ్గరే ఉన్నారు.

"మట్టం చూశారాండీ అల్లుడుగారూ?"

"చూశాను మామయ్యగారూ, బుడగ మధ్యలోనే ఉందండీ."

ఆయన నా చేతిలోని రసమట్టం తీసుకుని, అదే చోట కొస మార్చి పెట్టారు. బుడగ ఓ మూలకి పారిపోయింది. సరైన రసమట్టమైతే ఎటు తిప్పి పెట్టినా బుడగ కదలకూడదట. అది గ్యారేజీ అటక మీంచి రెండుసార్లు పడిందన్న సంగతి నాకు మాత్రమే తెలుసు. చెప్పలేదు.

"ట్యూబు తెండి" అన్నారు.

తెల్లటి ట్యూబులో నీళ్లు నింపి, గాలి బుడగలు పోయేదాకా పావుగంట తట్టి, ఓ కొస నాకిచ్చారు. రెండో కొస పట్టుకుని ఎత్తారు, దించారు. నా వైపు నీళ్లు గీత దగ్గరే నిలబడ్డాయి, అంగుళం కదిలితే ఒట్టు. ఆయనకి అనుమానమొచ్చి, తన కొస అత్తగారి చేతికిచ్చి నా దగ్గరికొచ్చారు.

"ఆ బొటనవేలు తియ్యండి బాబూ."

తీశాను. అవతల అత్తగారి చీర తడిసింది.

మళ్లీ నింపాక అసలు విషయం తేలింది. ఇంటి గోడకి బిగించే మొదటి పలకని నేను గోడ పైతొడుగు (సైడింగు) గీతని నమ్ముకుని కొట్టాను. ఆ గీతే పదహారడుగుల్లో అరంగుళం వాలి ఉంది.

"మీ తప్పు కాదండి, ఇల్లే ఒరిగింది" అన్నారు మామగారు ఎంతో మర్యాదగా.

పలకా, పదమూడు జాయిస్టులూ ఊడదీసి మళ్లీ బిగించాం. ఇల్లు కొనేటప్పుడు డబ్బులిచ్చి చేయించిన ఇన్‌స్పెక్షన్ రిపోర్టు నలభై పేజీలు. ఆ అరంగుళం అందులో లేదు.