ఫారోగారి శంకుస్థాపన

1997లో మైక్రోసాఫ్ట్ వాళ్లు ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ అనే కంప్యూటర్ ఆట విడుదల చేశారు. అందులో పన్నెండు నాగరికతలు. ఈజిప్టును ఎంచుకున్నవాడికి ముఖ్యంగా మూడు వరాలు. కూలీ బంగారాన్ని ఇరవై శాతం వేగంగా తవ్వుతాడు. రథానికి మూడోవంతు ఆయుష్షు ఎక్కువ. పూజారి మంత్రం మిగతావాళ్ల మంత్రం కన్నా మూడు గళ్లు ఎక్కువ దూరం పారుతుంది. ఆట తయారుచేసినవాళ్లు అమెరికాలో కూర్చుని నైలు నది చరిత్ర తిరగేశామనే అనుకున్నారు. వాళ్లు తిరగేసింది కడప జిల్లా మ్యాపని నా అనుమానం. బంగారం ప్రొద్దుటూరుది, రథం పులివెందులది, పూజారి జమ్మలమడుగువాడు.

ప్రొద్దుటూరు సంగతి తొందరగా తేలిపోతుంది. ఆటలో బంగారం కావాలంటే గనికి కూలీని పంపాలి, వాడు గునపం పట్టుకుని పొద్దస్తమానం తవ్వాలి. ప్రొద్దుటూరులో గనీ లేదు, గునపమూ లేదు; రెండో ముంబై అని పేరుపడేంత బంగారం మాత్రం ఉంది. దసరాకు అమ్మవారిశాలలో అలంకారం చూస్తే ఏ ఫారో అయినా తన సమాధిలో పెట్టించుకున్న సరుకు తలుచుకుని చిన్నబోతాడు. తవ్వకుండానే ఇంత సంపాదించిన ఊరికి ఇరవై శాతం వేగం ఓ లెక్కా!

రథమంటే రెండు గుర్రాలు, ఒక విలుకాడు అని ఆటవాళ్ల లెక్క. మాకు సినిమావాళ్లు ఇచ్చిన రథం టాటా సుమో. 1999లో ‘సమరసింహారెడ్డి’ వచ్చిన దగ్గర్నుంచి అది గాల్లోకి లేచి పేలుతూనే ఉంది. పులివెందుల కుర్రాడు హైదరాబాదులో అద్దెకు గది అడిగితే, ఓనరు అడ్వాన్సు సంగతి మర్చిపోయి బాంబుల సంగతి అడుగుతాడు. ఆయుష్షు విషయం మాత్రం నిజమే. పులివెందుల అసెంబ్లీ సీటు 1978 నుంచి ఒకే ఇంట్లో ఉంది. పార్టీ మారింది, ఇల్లు మారలేదు. రాజవంశాలకు నంబర్లు వేసుకుని ఈజిప్టు చరిత్ర చదివేవాళ్లకు ఇందులో వింతేమీ కనబడదు. 2025 ఆగస్టులో అక్కడ ఒక్క జడ్పీటీసీ సీటుకు ఉప ఎన్నిక వస్తే రాష్ట్రమంతా కదేశ్ యుద్ధం చూసినట్టు చూసింది. క్రీ.పూ. 1274లో జరిగిన ఆ యుద్ధంలో తానే గెలిచానని రెండో రామ్సెస్ గుడిగోడల మీద చెక్కించుకున్నాడు. హిట్టైట్ల రాతల్లో మాత్రం వెనుదిరిగింది రామ్సెసే. పులివెందులలోనూ అంతే. ఒకరు గెలిచామన్నారు, ఇంకొకరు అసలది ఎన్నికే కాదన్నారు.

పూజారి దగ్గర కాస్త ఆగాలి. నూటపాతిక బంగారం ఖర్చుపెడితే వాడు తయారవుతాడు. చేతిలో కత్తి ఉండదు. శత్రువు సైనికుడికి ఎదురుగా నిలబడి చేతులు పైకెత్తి ‘వొలొలో, వొలొలో’ అని జపిస్తాడు. కాసేపటికి నీలం చొక్కా సైనికుడు ఎర్రచొక్కా అయిపోతాడు. దెబ్బ తగలదు, రక్తం కారదు. ఆ క్షణం నుంచి వాడు నిన్నటిదాకా పక్కన నిలబడ్డవాళ్లనే నరుకుతుంటాడు. మన దగ్గర ఆ జపాన్ని కండువా కప్పడం అంటారు. 2014లో 67 సీట్లు గెలిచిన వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి 23 మంది రంగు మార్చి తెలుగుదేశంలోకి వెళ్లారు. 2019లో ఆ పూజారి పార్టీకి మిగిలినవి సరిగ్గా 23. జమ్మలమడుగు అయితే ఈ మంత్రానికి ప్రయోగశాల. 2014లో ఫ్యాను గుర్తు మీద గెలిచిన ఎమ్మెల్యే 2016లో సైకిలెక్కారు, 2017లో మంత్రయ్యారు, 2019లో కమలం పట్టారు, 2024లో ఆ కమలంతోనే మళ్లీ గెలిచారు. ఆటలో పూజారి ఒకణ్ని మార్చాక అలసిపోయి, శక్తి పుంజుకునేదాకా ఊరికే నిలబడాలి. ఆ నిబంధన రాసినవాడు మన రాజకీయాల్లో డిపాజిట్ తెచ్చుకోలేడు.

ఇంత దగ్గరగా వచ్చినవాళ్లు ఒక్కచోట మాత్రం ఘోరంగా తప్పారు. ఆటలో ‘వండర్’ అని ఒకటుంది. మహాకట్టడం అనుకోండి. దాన్ని కట్టి రెండువేల ఏళ్లు, అంటే ఆట లెక్కలో కొన్ని నిమిషాలు, కూలకుండా కాపాడుకుంటే గెలిచినట్టే. ప్రొద్దుటూరులో మా అక్క కొడుకు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని దీన్ని కట్టబోతుంటే పక్కన చేరాను.

“మామా, ఇది కట్టాలంటే ముందే అన్నీ ఇయ్యాల. కట్టెలు వెయ్యి, రాయి వెయ్యి, బంగారు వెయ్యి. పునాది పెడ్తానే మన ఖాతాలోంచి పోతాయి.”

“టెంకాయ కొట్టేది లేదా?”

“లేదు మామా.”

“శిలాఫలకం?”

“అట్లాటిదేం లేదు.”

“మరి మీటింగు? జనాలను తోలేదానికి బస్సులు?”

“ఏం మీటింగు మామా! కూలోళ్లు చుట్టూ చేరి సుత్తులతో కొడ్తాంటారు, అంతే.”

పునాది వేసిన రోజే మొత్తం సొమ్ము కక్కాలట. గెలుపు గడియారం కట్టడం పూర్తయ్యాకే కదులుతుందట. ఇంత అన్యాయమైన ఆట పిల్లల చేతికి ఎలా ఇచ్చారో!

జమ్మలమడుగు చుట్టుపక్కల పునాది పద్ధతి వేరు. 2007లో రాజశేఖరరెడ్డి బ్రహ్మణి స్టీల్స్‌కు రాయి వేశారు. 2011లో దాని యజమాని గాలి జనార్దనరెడ్డి ఓబుళాపురం గనుల కేసులో అరెస్టయ్యారు, ఫ్యాక్టరీ కథ అక్కడ ఆగింది. 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూలులో, ఈ జిల్లాలో ఉక్కు కర్మాగారం సాధ్యమో కాదో ఆరు నెలల్లో పరిశీలించమని సెయిల్‌కు రాశారు. ఆరు నెలలంటే ఫారోల క్యాలెండరు లెక్కనేమో. 2018 జూన్‌లో కడపలో నిరాహారదీక్ష అయింది. అదే ఏడాది డిసెంబరు 27న మైలవరం మండలం కంబాలదిన్నెలో చంద్రబాబు నాయుడు రాయి వేశారు. దానికి ఏడాది నిండడానికి నాలుగు రోజుల ముందు, 2019 డిసెంబరు 23న, సున్నపురాళ్లపల్లెలో జగన్‌మోహన్‌రెడ్డి ఇంకో రాయి వేసి మూడేళ్లలో పూర్తి అన్నారు. మూడేళ్లలో ఏది పూర్తవుతుందో చెప్పలేదు కాబట్టి మాట తప్పారనడానికి లేదు, పూర్తయింది మూడేళ్లే. 2023 ఫిబ్రవరి 15న ఆయనే అదే సున్నపురాళ్లపల్లెకు మళ్లీ వచ్చి, ఈసారి జేఎస్‌డబ్ల్యూ అధిపతి సజ్జన్ జిందాల్‌ను వెంటబెట్టుకుని భూమిపూజ చేశారు. 2024లో ప్రభుత్వం మారింది. ఐదో రాయికి స్థలానికేం కొదవ లేదు.

ఖుఫు పిరమిడ్‌కు ఇరవై ఏళ్లు పట్టిందని హెరడోటస్ రాశాడు. అందులో సుమారు ఇరవైమూడు లక్షల రాళ్లున్నాయని లెక్కగట్టారు. ఇంచుమించు అంతే కాలంలో మావాళ్లు ముగ్గురు ముఖ్యమంత్రులు కలిసి నాలుగు రాళ్లు పేర్చారు. అవీ ఒకదాని మీద ఒకటి కాదు.

పేర్ల విషయంలో మాత్రం మనవాళ్లే అసలైన ఫారోలు. మూడో తుట్మోస్ తన ముందు ఏలిన హాట్‌షెప్సుట్ పేరును గోడల మీది నుంచి చెక్కి తీయించాడు. రెండో రామ్సెస్ ఇంకా గడుసువాడు. పాత రాజుల విగ్రహాల మీద తన పేరు కొట్టించుకుని, తన అక్షరాలను ఎవడూ చెరపలేనంత లోతుగా తవ్వించాడు. ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం 2022లో వైఎస్సార్‌ది అయింది, 2024లో మళ్లీ ఎన్టీఆర్‌ది అయింది. మా జిల్లా 2010లో వైఎస్సార్ జిల్లా అయింది, 2025లో వైఎస్సార్ కడప అయింది. రామ్సెస్ దగ్గర ఉలి ఉండేది కాబట్టి లోతుగా చెక్కాడు. మనకు ఫ్లెక్సీ, జీవో చాలు.

ఆ ఆటలో ఇంకో మీట ఉంది. జనాభా పరిమితి నిండి కొత్తవాళ్లకు చోటు చాలకపోతే, అక్కర్లేని కూలీని ఎంచి డిలీట్ నొక్కాలి. వాడు ఉన్నచోటే కూలిపోతాడు. ఎందుకని అడగడు. అసలు ఈజిప్టు అలా లేదు. మూడో రామ్సెస్ ఏలుబడిలో, సుమారు క్రీ.పూ. 1157లో, రాజుల సమాధులు చెక్కే దెయిర్ ఎల్ మదీనా పనివాళ్లు ధాన్యం కూలి అందలేదని పనిముట్లు పడేసి గుడి దగ్గర కూర్చున్నారు. చరిత్రకెక్కిన తొలి సమ్మె అదే. ఫారో మనుషులు వాళ్లతో మాట్లాడారు, ధాన్యమూ పంపారు. ఇక మా జిల్లా సంగతి. గండికోట జలాశయం 26.85 టీఎంసీలది. 2020లో అందులో నీళ్లు పెంచుతుంటే, పరిహారం పూర్తిగా చేతికందనిదే ఊరు వదలమని తాళ్లప్రొద్దుటూరు వాళ్లు కూర్చున్నారు. వాళ్లతో మాట్లాడడానికి నీళ్లు వచ్చాయి.

కాబట్టి మైక్రోసాఫ్ట్ వారికి ఓ అర్జీ. ఈజిప్టును చాలించి కడపను ఒక నాగరికతగా చేర్చండి. బంగారం, రథం, పూజారి ఉన్నవి ఉన్నట్టే ఉంచండి. వండర్ తీసేసి ఆ చోట ‘శిలాఫలకం’ పెట్టండి. కట్టెలు సున్నా, రాయి ఒకటి, బంగారం అవతలివాళ్ల ఖాతాలోంచి. అదే చోట ఎన్నిసార్లయినా వేసుకోవచ్చు, వేసిన ప్రతిసారీ పాయింట్లు రావాలి, ముందు వేసినవాడి పేరు దానంతటదే చెరిగిపోవాలి. మా అల్లుడికి ఈ సంగతి చెబితే ముందు నవ్వాడు, తర్వాత ఆటగాడి బుర్రతో ఆలోచించాడు.

“మామా, ఇదైతే ఎవురూ ఓడగొట్టలేరు. శత్రువు సైన్యం వండర్‌ను కూలగొట్టేదానికి కదా వస్తాది? ఈడికొచ్చి ఏం కూలగొడ్తాది?”