నేను పది తూటాల రైఫిల్‌ని

నా చాంబర్‌లో ఇమిడే తూటాని ఏ సైన్యమూ యుద్ధానికి తీసుకెళ్ళలేదు. అది .276 అంగుళాల క్యాలిబర్ తూటా. దానికోసమే నన్నూ, నాలాంటి మరో 19 రైఫిళ్ళనూ అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధశాలలో తయారుచేశారు. సైన్యం మాకు పెట్టిన పేరు టీ3ఈ2. మా తమ్ముడు ఎం1 గారండ్ మాత్రం లోకమంతటికీ తెలుసు. రెండో ప్రపంచ యుద్ధం మీద తీసిన హాలీవుడ్ సినిమాల్లో అమెరికా సైనికుడి చేతిలో ఎక్కువగా కనిపించేది వాడే. వాడికీ నాకూ తండ్రి ఒక్కరే, ముఖకవళికలూ ఒక్కటే. తేడా అంతా తూటాలో ఉంది. వాడిది లావు, నాది సన్నం.

రైఫిల్ చేయాలనుకున్నవాడు ముందు తేల్చుకోవలసింది తూటా సంగతే. గొట్టం, బోల్ట్, స్ప్రింగు, బరువు, చివరికి సైనికుడి వీపు మీద మోత, అన్నీ దాని వెనకే వస్తాయి. 1920లలో అమెరికా కాల్బలం దగ్గర ఉన్నది 1903 మోడల్ స్ప్రింగ్‌ఫీల్డ్. ఒక్క తూటా పేల్చాక బోల్ట్‌ని చేత్తో వెనక్కి లాగి, ముందుకు తోసి, మళ్ళీ గురి చూసుకోవాలి. ఆ లాగడమూ తోయడమూ తుపాకీయే చేసుకుంటే, మనిషి గురి తప్పకుండా ట్రిగ్గర్ నొక్కుతూ పోతే చాలు. సెమీ ఆటోమేటిక్ అంటే అంతే. కానీ సైన్యం వాడుతున్న .30-06 తూటా మహా బలమైనది. 1906లో వచ్చిన ఆ తూటాకి 63 మిల్లీమీటర్ల ఇత్తడి గుల్ల, దాన్నిండా మందు. మెషిన్‌గన్‌కి అది తగినదే, ఎందుకంటే ఆ దెబ్బని కాసుకోవడానికి దానికి మూడు కాళ్ళ స్టాండు ఉంది. భుజాన మోసే నాలుగు కిలోల తుపాకీ లోపల అదే దెబ్బ తగిలితే భాగాలు పగులుతాయి. పగలకుండా లావు చేస్తే, మోసేవాడు మోయలేడు.

ఈ చిక్కుని జాన్ పెడర్సన్ అనే డిజైనర్ తూటా వైపు నుంచి విప్పాడు. సైన్యం అడిగిన రైఫిల్‌కి ఉన్న తూటా సరిపోదని, ముందు కొత్త తూటాయే చేశాడు. 51 మిల్లీమీటర్ల గుల్ల. ఇత్తడి తక్కువ, మందు తక్కువ, భుజానికి తగిలే తోపు తక్కువ. అంత బరువులోనే సైనికుడు ఎక్కువ తూటాలు మోయగలడు. తరవాత దానికి తగిన రైఫిల్ చేశాడు. ఆ రైఫిల్ పేలినప్పుడు మోకాలిలా ముడుచుకునే కీలు ఒకటి పైకి లేచేది. అంతకన్నా పెద్ద ఇబ్బంది, గుల్ల చాంబర్‌కి పట్టుకోకుండా జారి బయటకి రావాలంటే తూటాలకి పల్చగా మైనం పూత ఉండాలి. పెడర్సన్ ఆ పూతని వేలికి అంటనంత గట్టిగా, ఆరినట్టుగా వేయించాడు, నైపుణ్యం ఉన్న పనే. అయినా మైనం అంటే సైన్యానికి దిగులు. ఎండకి, దుమ్ముకి, బురదకి అది ఏమవుతుందో!

ఇక మా తండ్రి. జాన్ గారండ్ 1888లో కెనడాలోని క్వెబెక్‌లో, సెయింట్ రెమిలో పుట్టారు. చిన్నప్పుడే కుటుంబం కనెక్టికట్‌కి వలస వచ్చింది. బట్టల మిల్లులో నేల ఊడ్చే పనికి కుదిరి, అక్కడి యంత్రాలు చూసి చూసి పని పట్టుకున్నారు. 1919లో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధశాలకి వచ్చారు. ఆయన మొదటి రైఫిళ్ళు ప్రైమర్ బలంతో నడిచేవి. తూటా అడుగున ఉండే ఆ చిన్న మూత పేలుడుకి వెంట్రుకవాసి వెనక్కి జరుగుతుంది, ఆ కదలికతోనే బోల్ట్ తాళం విప్పేవారు. ఇంతలో సైన్యం మందు మార్చింది, ప్రైమర్ కదలకుండా అంచు నొక్కేసింది. ఏళ్ళ తరబడి చేసిన పని అక్కడితో పోయింది. ఆయన నోరెత్తకుండా మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టారు. ఈసారి గొట్టం చివర వచ్చే వాయువుని పట్టి, గొట్టం కింద ఉన్న కడ్డీని వెనక్కి తోయించారు. ఆ కడ్డీ బోల్ట్‌ని తిప్పి తెరుస్తుంది, ఖాళీ గుల్లని విసిరేస్తుంది, స్ప్రింగు బలంతో ముందుకు వస్తూ కొత్త తూటాని చాంబర్‌లోకి తోస్తుంది. నా గుండె అదే. మైనం అక్కర్లేదు.

కాబట్టి నా ఒళ్ళు గారండ్‌ది, నా తూటా ఆయన పోటీదారు పెడర్సన్‌ది. ఇద్దరి పనిలోనూ మంచిదే నాలో కలిసిందని నేను గట్టిగా నమ్ముతాను.

నన్ను నింపడం చూస్తే ఆ కలయిక అర్థమవుతుంది. పది తూటాలు రెండు వరసల్లో ఒక ఉక్కు క్లిప్పులో బిగించి ఉంటాయి. బోల్ట్ వెనక్కి ఉన్నప్పుడు క్లిప్పుతో సహా పైనుంచి బొటనవేలితో లోపలికి నొక్కాలి. అది అడుగున పట్టుకోగానే బోల్ట్ ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. వేలు తియ్యడం ఆలస్యమైతే నలుగుతుంది. మా తమ్ముడి విషయంలో లక్షల మంది కుర్రాళ్ళు ఈ పాఠం గోరు నల్లబడ్డాకే నేర్చుకున్నారు. ఆఖరి తూటా పేలాక ఖాళీ క్లిప్పు ఖంగుమని పైకి ఎగిరిపోతుంది, బోల్ట్ వెనకే ఆగుతుంది, మళ్ళీ నింపమని.

చిన్న తూటా మనిషిని ఆపగలదా అన్న సందేహం సైన్యాన్ని వదల్లేదు. 1928లో మేరీలాండ్‌లోని అబెర్డీన్ ప్రయోగ క్షేత్రంలో పందులకి మత్తుమందిచ్చి, .256, .276, .30 గుండ్లతో కాల్చి చూశారు. తరవాత 1930లో మేకల మీదా అదే పని చేశారు. ఆ పరీక్షలు చేసిన బోర్డులకి సైన్యంలో పందుల బోర్డు, మేకల బోర్డు అనే పేర్లు నిలిచిపోయాయి. ఆ మూగ జీవాల గాయాలు కొలిచి రాసిన కాగితాల మీద నా పుట్టుక ఆధారపడింది. అది నేను మరిచిపోలేదు, మరిచిపోకూడదు కూడా. ఆ కాగితాలు చెప్పింది ఒకటే. మామూలుగా కాల్పులు జరిగే దూరాల్లో సన్నటి, వేగమైన గుండు చేసే గాయం లావుదాని గాయానికి తీసిపోదు.

1931లో మమ్మల్ని పెడర్సన్ రైఫిళ్ళతో కలిపి పరీక్షించారు. .30 తూటాకి చేసిన గారండ్ కూడా ఒకటి బరిలో ఉంది. ఆ అక్టోబరులో దాని బోల్ట్ పగిలింది. నేను ముందే చెప్పిన దెబ్బ అదే. 1932 జనవరి 4న రైఫిళ్ళని పరీక్షించిన బోర్డు సిఫార్సు చేసింది. సైన్యం .276కి మారాలి, మాలాంటివి మరో 125 దాకా చేయించాలి. మా బతుకు స్థిరపడిందనుకున్నాం.

ఈలోగా గారండ్ ఊరుకోలేదు. పగిలిన బోల్ట్‌ని మార్చి .30 రైఫిల్‌ని మళ్ళీ నిలబెట్టారు. అది పరీక్ష నెగ్గింది. వెంటనే సైనిక ప్రధానాధికారి జనరల్ డగ్లస్ మెకార్థర్ క్యాలిబర్ మార్పుని తోసిపుచ్చారు. ఫిబ్రవరి 25న ఉత్తర్వు వచ్చింది. .276 రైఫిళ్ళ మీద, తూటాల మీద పని తక్షణం, పూర్తిగా ఆపెయ్యాలి. పీటల మీద పెళ్ళి ఆగిపోయినట్టయింది మా పని.

ఆయన ఎందుకు కాదన్నారు? గోదాముల్లో .30 తూటాలు గుట్టలుగా పడి ఉన్నాయి. మెషిన్‌గన్లూ, బ్రౌనింగ్ ఆటోమేటిక్ రైఫిళ్ళూ తినేది అదే తూటా. రైఫిల్ ఒక్కటీ మారితే ఒకే కంపెనీకి రెండు రకాల తూటాలు చేరవెయ్యాలి. ఒక లారీలో పొరపాటున రెండోది వస్తే ఆ రోజు తుపాకీలు మూగపోతాయి. అదీగాక అది మహామాంద్యం కాలం, డబ్బుకి కటకట. బ్రిటిష్‌వాళ్ళకీ ఇలాంటిదే ఎదురైంది. మొదటి యుద్ధానికి ముందు వాళ్ళు .303ని తీసేసి .276కి మారదామని 1913లో కొత్త రైఫిల్ తయారుచేశారు, 1914లో యుద్ధం వచ్చిపడింది, .303 ఉండిపోయింది. మీ తాతల కాలంలో పోలీసు స్టేషన్లలో ఉన్న త్రీనాట్‌త్రీ అదే.

నేను పరీక్షలో గెలిచినదాన్ని. అయినా చెబుతున్నాను, 1932లో మెకార్థర్ చేసింది సరైన పని. కొత్త తూటాకి కొత్త యంత్రాలు, కొత్త గోదాములు, కొత్త శిక్షణ కావాలి. ఆ డబ్బు కోసం కూర్చుంటే 1941 నాటికి అమెరికా కాల్బలం ఇంకా చేత్తో బోల్ట్ లాగుతూనే ఉండేది. మా తమ్ముడిని 1936 జనవరి 9న సైన్యం అధికారికంగా తీసుకుంది. వాడికి క్లిప్పులో ఎనిమిది తూటాలే పట్టాయి, లావు తూటా కదా. బరువు 4.3 కిలోలు. 1941 డిసెంబరులో ఫిలిప్పీన్స్ మీద జపాన్ విరుచుకుపడినప్పుడు వాడు మొదటిసారి పెద్ద యుద్ధంలో పేలాడు. అక్కడ సేనాధిపతి మెకార్థరే. ఆయన ఎంచుకున్న క్యాలిబర్‌తోనే ఆయన మనుషులు బతాన్ అడవుల్లో పోరాడారు. యుద్ధం ముగిసేసరికి అలాంటివి 40 లక్షలు దాటాయి. గారండ్ తన పేటెంట్లన్నీ ప్రభుత్వానికి ఉచితంగా రాసిచ్చారు. ఆయనకి లక్ష డాలర్లు ఇవ్వాలని కాంగ్రెస్‌లో పెట్టిన బిల్లు నెగ్గలేదు. ఆ అన్యాయం నాకిప్పటికీ బాధే.

నేను ఒప్పుకోలేనిది 1950లలో జరిగినది. యుద్ధం అయిపోయింది, పాత తూటా ఎలాగూ పోతోంది, కొత్తది ఎంచుకునే తీరిక ఉంది, డబ్బు ఉంది. 1951లో బ్రిటన్ .280 క్యాలిబర్ తూటాతో ఈఎం-2 అనే రైఫిల్‌ని ఎంచుకుంది. అది దాదాపు నా కొలతే. అమెరికా సైన్యం పట్టుబట్టింది, తక్కువ శక్తి తూటా వద్దంది. అదే ఏడాది మళ్ళీ ప్రధాని అయిన చర్చిల్ ఈఎం-2ని పక్కన పెట్టారు. 1954లో నాటో దేశాలన్నిటికీ 7.62 మిల్లీమీటర్ల తూటా ఖాయమైంది. అది .30-06 శక్తినే పొట్టి గుల్లలో కుక్కినది. దాంతో వచ్చిన అమెరికా ఎం14 ఆటోమేటిక్‌గా పేలిస్తే చేతిలో నిలిచేది కాదు. పదేళ్ళు తిరక్కుండా అదే సైన్యం 5.56కి దిగింది. ఒక చివరనుంచి ఇంకో చివరకి దూకారు, మధ్యలో ఉన్న మమ్మల్ని చూడకుండా.

ఆ దెబ్బ మీ దేశానికీ తగిలింది. 1962లో చైనా యుద్ధంలో మీ జవాన్లు బోల్ట్ లాగే .303లతోనే పోరాడారు. ఆ తరవాత ఇషాపూర్ కర్మాగారంలో తయారైన 7.62 రైఫిలే, తెలుగు పత్రికల్లో మీరు ఎన్నోసార్లు చదివిన ఎస్ఎల్ఆర్. 1990లలో దాని చోటులోకి 5.56 ఇన్సాస్ వచ్చింది. చిన్న గుండు చాలదన్న మాట సైన్యంలో మళ్ళీ లేచింది. 2019లో 72,400 సిగ్ 716 రైఫిళ్ళకి ఆర్డరిచ్చారు. అవి 7.62వే. పెద్దదా చిన్నదా అని అటూ ఇటూ ఊగడం ఢిల్లీలోనూ ఆగలేదు.

2022 ఏప్రిల్‌లో అమెరికా సైన్యం తన తరవాతి రైఫిల్‌ని ఎంచుకుంది. దాని గుండు .277 అంగుళాలు, గుల్ల 51 మిల్లీమీటర్లు. ఉక్కు అడుగు, ఇత్తడి గోడలు, నేను తట్టుకోలేనంత ఒత్తిడి దానిది. అది నా తూటా కాదు. నా క్యాలిబర్ పేరు .276 అయినా గుండు అసలు వ్యాసం .284. కానీ 5.56కీ 7.62కీ మధ్య చోటు ఒకటుందని ఒప్పుకోవడానికి వాళ్ళకి 90 ఏళ్ళు పట్టింది.

స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధశాలని 1968లో మూసేశారు. ఇప్పుడది మ్యూజియం, ప్రవేశం ఉచితం. బోస్టన్‌లోనో హార్ట్‌ఫర్డ్‌లోనో ఉన్న మీ పిల్లల దగ్గరికి వచ్చినప్పుడు ఒక పూట ఇటు రండి. ఎం1 గారండ్ ముందు నిలబడ్డప్పుడు అక్కడివాళ్ళని ఒక్క ప్రశ్న అడగండి, దీని క్లిప్పులో పది బదులు ఎనిమిది తూటాలే ఎందుకు పడతాయని.