ప్రమాదం వారికి పనివేళలు లేవా?

విశాఖలో ఉండి మాక్‌డ్రిల్లు చూడనివాడు ఉచితంగా వచ్చే నాటకాన్ని పోగొట్టుకున్నట్టే. ముందురోజు సాయంత్రానికల్లా సర్క్యులర్ వచ్చేస్తుంది: రేపు పదిన్నరకి ఫలానా ట్యాంకు దగ్గర గ్యాసు లీకగును, సిబ్బంది హాజరు కావలెను. పదింటికి షామియానా, కుర్చీలు, ఉప్మా. పదిన్నర కాస్తా పదకొండవుతుంది. పెద్దాయన కారు రావాలి కదా, అందాకా లీకు ఓపిక పడుతుంది. ఆయన కూర్చోగానే సైరన్ మోగుతుంది, పొగడబ్బా అంటుకుంటుంది. మోచేతికి ఎర్రసిరా పూసుకున్న కాంట్రాక్టు కుర్రాడొకడు చొక్కా మాయకుండా చూసుకుని మరీ గోనెపట్టా మీద పడిపోతాడు. స్ట్రెచర్ వచ్చేసరికి సెల్‌ఫోన్లో ఉంటాడు. "మూర్ఛపోయావురా, కళ్లు మూసుకో" అని సేఫ్టీ ఆఫీసరు కసురుతాడు. భోజనాల వేళకి మంటలు అదుపులోకి వస్తాయి. నూటికి నూరు మార్కులు.

చిక్కల్లా ఒక్కటే. అసలు ప్రమాదానికి ఆ సర్క్యులర్ అందడం లేదు.

1997 సెప్టెంబర్ 14, ఆదివారం ఉదయం. ఓడ నుంచి హెచ్‌పీసీఎల్ రిఫైనరీకి వంటగ్యాసు చేరుతుండగా గొట్టం దగ్గర లీకైంది. గ్యాసు నేలబారున పాకి నిప్పు వెతుక్కుంది. అరవై మంది దాకా చనిపోయారు. మల్కాపురం చుట్టుపక్కల జనం కట్టుబట్టలతో పరుగు తీశారు. 2020 మే 7న ఎల్జీ పాలిమర్స్ స్టైరీన్ ఆవిరి ఆర్.ఆర్. వెంకటాపురం మీద పడింది తెల్లవారుజామున మూడింటి ప్రాంతంలో. 12 మంది పోయారు. ఫ్యాక్టరీలో సైరన్ ఉంది, మోగలేదు. ఈ మాట నాది కాదు, ప్రభుత్వం వేసిన కమిటీ తేల్చింది. 2013 ఆగస్టు 23న అదే హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో కూలింగ్ టవర్ దగ్గర చెలరేగిన మంటలు మాత్రం ఆఫీసు వేళ దాటకుండా, సాయంత్రం ఐదులోపే వచ్చాయి. అయినా ఇరవై మందికి పైగా బలయ్యారు.

ఇక చమురు మోసే రైలు సంగతి. మనకి ముడిచమురు సముద్రం మీద వస్తుంది. లోవగార్డెన్ దగ్గర కొండరాతిలో తొలిచిన గుహల్లో 13.3 లక్షల టన్నులు దాచుకునే చోటుంది. చుట్టూ రాయి, రాతిలో ఊట నీరు, పైన కాపలా. జిల్లాలో ఏ మనిషికీ లేని బందోబస్తు అది. దాన్నే పెట్రోలు, డీజిలు చేశాక పరువు తగ్గిపోతుంది. కొంత పైపులైన్లో విజయవాడ, సికింద్రాబాద్ వెళుతుంది. కొంత ట్యాంకు వ్యాగన్లెక్కి ఇళ్ల పెరట్ల వెనక నుంచి, ఆరేసిన బట్టలకి జానెడు దూరంలో, గూడ్సు వెనక గూడ్సుగా సాగుతుంది. ముడిసరుకు కొండ కింద, పెట్రోలు మన కిటికీ కింద!

"రైలు పట్టాల మీదే కదా పోతుంది" అంటారు. 2025 జూలై 13న తిరువళ్లూరు దగ్గర డీజిలు గూడ్సు పట్టాలు దిగింది. 18 వ్యాగన్లు తగలబడ్డాయి. ప్రాణాలు పోలేదు గానీ చెన్నై వైపు రైళ్లు ఆగిపోయాయి. అదీ ఆదివారం తెల్లవారుజామునే.

కెనడాలో లాక్‌మెగాంటిక్ అనే చిన్న ఊరుంది. 2013 జూలైలో 72 ట్యాంకుల ముడిచమురు రైలుని డ్రైవరు ఒక్కడే ఎగువన వాలులో ఆపి, హోటల్‌కి పోయి పడుకున్నాడు. ఇంజిన్లో చిన్న మంట లేస్తే ఫైరింజన్ వచ్చి ఆర్పింది, ఇంజిన్ కూడా ఆపేసింది. దాంతో ఎయిర్‌బ్రేకుల్లో గాలి మెల్లిగా దిగిపోయింది. వేసిన చేతిబ్రేకులు చాల్లేదు. రైలు తనంతట తానే బయల్దేరి రాత్రి ఒంటిగంట దాటాక ఊరి నడిబొడ్డున బోల్తా కొట్టింది. 47 మంది! విచారణలో తేలిందేమిటంటే, ఆ చమురు నిజంగా ఎంత ప్రమాదకరమో కాగితాల్లో అంతకంటే తక్కువ చేసి రాశారట. కాగితం మీద ప్రమాదాన్ని తగ్గించే విద్య మన సొంతమనుకున్నాను, అక్కడా ఉంది.

మన గూడ్సులో అంత ఒంటరితనం లేదు. ఇంజిన్లో ఇద్దరు, వెనక గార్డు. క్షమించాలి, గార్డు అనకూడదు. 2022 నుంచి ఆయన ట్రైన్ మేనేజర్. పేరు మార్చడం రైల్వేలో చాలా వేగంగా జరుగుతుంది. విశాఖ జోన్‌ని 2019లో ప్రకటించి, ఆఫీసు భవనానికి 2025 జనవరిలో శంకుస్థాపన చేశారు కాబట్టి మిగతావాటి వేగం మీరే లెక్కేసుకోండి.

రిఫైనరీ గోడ లోపల ఎత్తుగా కట్టిన గాలిసంచి ఉంటుంది. గ్యాసు లీకైతే అది చూసి, గాలికి అడ్డంగా పక్కకి తప్పుకోవాలని కార్మికుడికి నేర్పుతారు. గోడ బయట ఉన్న ఇల్లాలికి ఆ సంచీ లేదు, ఆ పాఠమూ లేదు. "సైరన్ మోగితే ఏ పక్కకి లగెత్తాలో సెప్పండి బాబూ, మిగతాది మేం సూసుకుంటాం" అని మల్కాపురంలో ఒకామె అడిగితే జవాబు చెప్పే కౌంటరు ఏ ఆఫీసులో ఉందో నాకు కనబడలేదు.

అందుకని నాదో మనవి. వచ్చే డ్రిల్లు ఆదివారం తెల్లవారుజామున మూడింటికి పెట్టండి. షామియానా వద్దు, ముఖ్య అతిథి వద్దు. పట్టాల పక్క సందుల్లో, నిద్రలో ఉన్న జనంతో చేయండి. జవాబు ఏమొస్తుందో నాకు ముందే తెలుసు: పట్టాలు రైల్వేవి, సరుకు చమురు కంపెనీది, రేవు పోర్టుది, సందు కార్పొరేషన్‌ది, కాబట్టి ఆదివారం ఓవర్‌టైమ్ ఏ పద్దులో వేయాలో ముందు తేలాలి.