పస్తు కాదండీ, ఉపవాసం!

తెలుగువాళ్లకి పుట్టుకతో వచ్చే విద్య ఒకటుంది: విమానం పెట్టె తూకం. పెట్టెకి 23 కిలోలన్నారంటే 22 కిలోల 900 గ్రాముల దగ్గర ఆపగలం. కొక్కేనికి వేలాడదీసే కాటా ఒకటి, ఆ కాటాని నమ్మని అత్తగారు ఒకరు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. కందిపొడి తీసి చీర పెట్టి, చీర తీసి సున్నుండలు పెట్టి, చివరికి కందిపొడి పొట్లాన్ని కోటు జేబులో కుక్కుకుని విమానం ఎక్కుతాం. మన తూకమంతా ఇంకాస్త పట్టించడానికే. ఇంకాస్త తీసెయ్యడానికి తూకం వేసే జాతి కూడా ఒకటుందని మొన్న లండన్ వెళ్లేదాకా నాకు తెలియదు. తీరా చూస్తే మా బావమరిది ఎప్పుడో అందులో కలిసిపోయాడు.

హీత్రోలో దిగి రెండు పెట్టెలు తోసుకుంటూ బయటికొచ్చాను. అంటే 46 కిలోల ఆవకాయ, అప్పడాలు, వాళ్లక్క ఆప్యాయత. మావాడు తెచ్చిన కారు చూసి, దీని మిగతా సగం ఎక్కడుందా అని వెతికాను. రెండే సీట్లు. ఎత్తు నా మొలతాడు దాటలేదు. పాతికేళ్ల నాటి ఇంగ్లీషు కారు. ఏ కంపెనీదో రాయను. రాస్తే ఆ కారు భక్తులు మా ఇంటి ముందు ధర్నాకి దిగుతారు. ధర్నాకి రావాలన్నా పాపం వాళ్లకి ఇంకో కారు కావాలి.

"మరి పెట్టెలో?" అన్నాను.

"అవి దాంట్లో వస్తాయి బావగారూ" అని వెనక్కి చూపించాడు. వెనక ఏడు సీట్ల పెద్ద కారులో స్టీరింగు దగ్గర మా చెల్లెమ్మ కూర్చునుంది. "ఒక్కసారి అందులో రండి అన్నయ్యగారూ, ఆయన సరదా తీరుతుంది. నడుం నొప్పి మాత్ర ఇంట్లో ఉంది" అంది.

ఆవకాయ ఏసీలో బయల్దేరింది. నేను ఇందులోకి దిగాను. దిగడమే, ఎక్కడం ఉండదు. తలుపు కింద గడప జానెడు వెడల్పుంటుంది. ముందు కొత్త కోడల్లా కుడికాలు లోపల పెట్టాలి. తరవాత ఒంటిచేత్తో టాపు పట్టుకుని, తల వంచి, బావిలోకి చేద వదిలినట్టు నడుముని వదిలెయ్యాలి. ఎడమకాలు బయటే ఉండిపోతుంది. దాన్ని రెండు చేతులతో ఎత్తి లోపల వేసుకోవాలి. అప్పటికి తలుపు మనకి అందదు. అది మావాడే వచ్చి వేశాడు, గుడి తలుపు వేసినంత భక్తిగా.

రోడ్డెక్కాక పక్కన లారీ వచ్చింది. దాని చక్రానికున్న నట్లు నా కళ్లకి సూటిగా ఉన్నాయి. ఖాళీగా ఉన్నాను కదా అని లెక్కపెట్టాను. పది.

"ఏసీ ఎక్కడుందిరా?"

"బరువు బావగారూ."

"పాటలు?"

"బరువు."

"ఈ చప్పుడు లోపలికి రాకుండా ఏదైనా మందపాటి గుడ్డ..."

"అదీ బరువే."

ఆ తరవాత నా పొట్ట వంక ఒకసారి చూసి, మర్యాద తెలిసినవాడు కనక ఏమీ అనలేదు. అక్కనిచ్చిన ఇల్లు కదా.

ఈ తేలిక మతానికి ఒక ప్రవక్త ఉన్నాడు. కాలిన్ చాప్‌మన్. లండన్ యూనివర్సిటీ కాలేజీలో నిర్మాణాల ఇంజనీరింగు చదువుకుని, 1948లో ఒక పాత ఆస్టిన్ సెవెన్‌ని విప్పి తన మొదటి కారు కట్టుకున్నాడు. 1952లో లోటస్ కంపెనీ పెట్టాడు. ఇంజిను శక్తి పెంచితే తిన్నటి దారిలోనే వేగం పెరుగుతుంది, బరువు తగ్గిస్తే అన్నిచోట్లా పెరుగుతుంది అన్నది ఆయన సిద్ధాంతం. అది అబద్ధం కాదు. ఆయన కార్లతోనే జిమ్ క్లార్క్ 1963లోనూ, 1965లోనూ ఫార్ములా వన్ ప్రపంచ విజేత అయ్యాడు. అయితే రేసు కారుకి గీత దాటేదాకా ఆయుష్షుంటే చాలు. దాని చుట్టూ స్పానర్లు పట్టుకుని పదిమంది నిలబడి ఉంటారు. మనింట్లో కారు చుట్టూ నిలబడేది భార్యాపిల్లలు. వాళ్ల చేతుల్లో స్పానర్లు ఉండవు, స్కూలు బ్యాగులుంటాయి.

1957లో ఆయనే లోటస్ సెవెన్ తెచ్చాడు. తలుపుల్లేవు, పైకప్పు లేదు. బ్రిటన్‌లో అప్పట్లో తయారైన కారుకి కొనుగోలు పన్ను ఉండేది, విడిభాగాల కిట్టుకి ఉండేది కాదు. అందుకని కారుని కిట్టుగా అమ్మేవారు. కిట్టుతోపాటు బిగించే పద్ధతి రాసివ్వకూడదని నిబంధన ఉంటే, విప్పే పద్ధతి రాసిచ్చి వెనకనుంచి చదువుకోమన్నారని ఇప్పటికీ మురిపెంగా చెప్పుకుంటారు. పన్ను కూడా బరువేగా మరి!

ఆ సెవెన్ హక్కుల్ని 1973లో కేటర్‌హామ్ అనే కంపెనీ తీసుకుని ఇప్పటికీ చేస్తోంది. 2021లో వచ్చిన వాళ్ల సెవెన్ 170 బరువు 440 కిలోలు. అందులో ఉన్నది జపాన్ సుజుకి వారి 660 సీసీ ఇంజిను. ఇక్కడ కాస్త ఆగుదాం. మన మారుతీ 800లో ఉన్నదీ సుజుకి ఇంజినే, 796 సీసీ. అంటే మా నాన్నగారు అప్పు చేసి కొన్న కారు ఇంజిను, ఇంగ్లండులో దొరబాబులు ఆదివారం కళ్లజోడు పెట్టుకుని నడిపే కారు ఇంజిను కన్నా పెద్దది!

ఇంకా ముందుకెళదాం. 1996లో అమ్మకానికొచ్చిన లోటస్ ఎలీజ్ తేలిక కార్లలో మకుటం లేని మహారాజు. అల్యూమినియం ముక్కల్ని వెల్డింగు లేకుండా జిగురుతో అతికించి చేసిన దాని అస్థిపంజరం 68 కిలోలు, అంటే ఒక మామూలు మనిషి బరువు. మొత్తం కారు 725 కిలోలు. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతీ 800 సుమారు 650 కిలోలు. తేలికే మోక్షమైతే, మా వీధిలో ఐదుగురిని కుక్కుకుని అన్నవరం వెళ్లొచ్చిన ప్రతి మేష్టారూ ముక్తి పొందినట్టే. పవర్ స్టీరింగు లేదు, అద్దాలు చేత్తో తిప్పుకోవాలి, ఏసీ లేదు. ఎలీజ్ మొదటి మోడల్లోనూ ఇదే వరస. మరి మేష్టారి కారుని చూసి తత్వం అనలేదేం? "పాపం, స్తోమతు అంత" అన్నారు.

ఇదీ నా ఫిర్యాదు. ఏకాదశి నాడు ఉన్నవాడు తినకపోతే ఉపవాసం. డబ్బాలో బియ్యం లేక లేనివాడు తినకపోతే పస్తు. కడుపు ఒకటే, ఖాళీ ఒకటే, పుణ్యం మాత్రం ఒకడి ఖాతాలోనే పడుతుంది. మారుతీలో ఏసీ లేకపోతే పస్తు. స్పోర్ట్స్ కారులో లేకపోతే ఉపవాసం. పైగా ఈ ఉపవాసం మధ్య వచ్చే ఫలహారం ఖర్చు పెళ్లి భోజనం ఖర్చుని మించుతుంది. పోర్షె వాళ్లు 2010 మోడల్ బాక్స్‌స్టర్ స్పైడర్‌లో ఏసీ, రేడియో తీసేసి, మరికొన్ని తేలిక భాగాలు వేసి, బాక్స్‌స్టర్ ఎస్ కన్నా 80 కిలోలు తగ్గించారు. ధర మాత్రం దానికన్నా పెంచారు. వాళ్ల 911 జీటీ3 ఆర్‌ఎస్‌లో తలుపు లోపల పిడి ఉండాల్సిన చోట గుడ్డ పట్టీ ఉంటుంది. మా తాతగారి గుర్రబ్బండిలోనూ పట్టుకోవడానికి గుడ్డ పేలికే ఉండేది. అందులో ఇంత ఐశ్వర్యం దాగుందని ఆయన పోయేదాకా ఎవరూ చెప్పలేదు.

అన్యాయంగా మాట్లాడకూడదు. ఆ రోజు ఊరు దాటాక సన్నటి పల్లె దారి వచ్చింది. రెండు పక్కలా పొదలు, మలుపు మీద మలుపు. మావాడు మాట్లాడటం మానేశాడు. స్టీరింగు చిటికెన వేలంత కదిలిస్తే కారు అంతే కదిలింది, ఇసుమంత ఎక్కువా లేదు, తక్కువా లేదు. రోడ్డు మీద చిన్న రాయి తగిలినా వాడి అరచేతికి కబురొచ్చింది, నా వెన్నుపూసకి నకలొచ్చింది. మలుపులో మన పెద్ద కార్లు నిద్రలేచిన ఏనుగులా పక్కకి ఒరుగుతాయి. ఇది చీమలా తిరిగింది. ఇందులో మాయేమీ లేదు, హైస్కూలు ఫిజిక్సే. వేగం అంతే ఉండి బరువు సగమైతే, బ్రేకు మింగాల్సిన శక్తీ సగమే. టైరు మీద భారం తక్కువ, మలుపులో బయటికి లాగే బలం తక్కువ. ఎలీజ్ ఇంజిను శక్తి 118 హార్స్‌పవరే అయినా ఆరు సెకన్ల లోపే గంటకి 60 మైళ్ల వేగం అందుకోవడానికి కారణం అదే. ఆ పది నిమిషాలు నేను నడుముని మర్చిపోయాను. ఒప్పుకుంటున్నాను.

కానీ ఆ పది నిమిషాల ముందూ వెనకా గంటన్నర ట్రాఫిక్కు ఉంది. అందులో ఒక వాన కూడా ఉంది. టాపు సందులోంచి నా ఎడమ భుజం మీద సన్నగా అభిషేకం మొదలైంది. "కారుతోందిరా" అన్నాను. "అది దాని స్వభావం బావగారూ" అన్నాడు. ఇదే అద్దె ఇంట్లో జరిగితే ఓనరు గుమ్మం ముందు గంటసేపు గొడవపడే మనిషి వాడు.

కష్టం లేకపోతే తేలిక రాదు అంటారే, అదీ నిజం కాదని జపాన్ వాళ్లు ఎప్పుడో నిరూపించారు. 1989లో మాజ్డా వాళ్లు ఎంఎక్స్-5 తెచ్చారు. ఆ పాత ఇంగ్లీషు రెండు సీట్ల కార్లనే మెచ్చి, వాటి సరదా ఉంచి, సతాయింపు తీసేశారు. గుర్రమూ రౌతూ ఒకటవ్వాలన్నది వాళ్ల సూత్రం. టన్ను లోపు బరువు, పొద్దున తాళం తిప్పితే స్టార్టవుతుంది. 2016 నాటికి పది లక్షలు తయారయ్యాయి. దాని ఊసు మావాడి ముందు ఎత్తాను. పెదవి విరిచాడు. "అది మరీ సుఖంగా ఉంటుంది బావగారూ" అన్నాడు. చూశారా? వీళ్లకి కావలసింది తేలిక ఒక్కటే అనుకుంటే పొరపాటు. తపస్సు కావాలి, దానికి సాక్షులూ కావాలి.

ఇక అసలు లెక్కకొద్దాం. తేలిక కారు ఉన్న ప్రతి ఇంటి ముందూ ఒక బరువు కారు ఉంటుంది. పిల్లల్ని బడికి దింపేది అదే, బియ్యం బస్తా తెచ్చేది అదే, హీత్రో నుంచి నా పెట్టెలు మోసిందీ అదే. ముప్పావు టన్ను తపస్వి వెనక రెండు టన్నుల గృహస్థు నడుస్తుంటాడు. బరువు ఎక్కడికీ పోలేదండీ, చెల్లెమ్మ మీదకి బదిలీ అయింది. మన పురాణాల్లోనూ అడవికెళ్లి తపస్సు చేసుకున్నవాళ్ల ఇళ్లలో పొయ్యి ఎవరు వెలిగించారో ఎవరూ రాయలేదు.

"ఇండియా వచ్చేస్తే దీన్నీ తెచ్చుకుంటా" అన్నాడు మావాడు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో వేసిన లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. మా వీధిలో దాన్ని రాత్రికి రాత్రి వేసిన మేస్త్రీ ఆ లెక్క చదివినట్టు లేదు. ఎత్తు గట్టు అంత, వెడల్పు గట్టు మీద పిల్లి పడుకునేంత. ఈ కారు దాని మీదకెక్కితే తిరుపతి మెట్ల మీద మోకాళ్ల మొక్కు తీర్చుకున్నట్టే. మన దేశంలోనూ శాన్ స్టార్మ్ అని ఫైబర్‌గ్లాసు ఒంటితో రెండు సీట్ల కారొకటి వచ్చింది. మీ వీధిలో ఎప్పుడైనా చూశారా? నేనూ చూడలేదు.

కొసమెరుపు ఇంకోటుంది. తేలిక మతం పుట్టిన లోటస్‌లో 2017లో చైనా వారి గీలీ సంస్థ మెజారిటీ వాటా కొంది. 2021లో ఎలీజ్ ఆగిపోయింది. 2023లో లోటస్ మన దేశానికీ వచ్చింది. ఏం తెచ్చింది? ఎలెట్రె అనే ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ. అప్పట్లో దాని ధర 2 కోట్ల 55 లక్షల నుంచి మొదలైంది. బరువు దాదాపు రెండున్నర టన్నులు. మూడు ఎలీజ్‌లని కాటాలో ఓ పక్కన పెట్టినా ముల్లు ఇటే మొగ్గుతుంది. అంటే మఠం వాళ్లు ఉపవాసం విరమించి విందుకి కూర్చున్నారు. గుమ్మం బయట భక్తులు మాత్రం ఇంకా నిర్జల ఏకాదశి చేస్తున్నారు.

నాకు తేలిక కారు మీద కోపం లేదు. కొనుక్కోండి. వాన లేని ఆదివారం, ఖాళీ దారి, నొప్పిలేని నడుము, ఈ మూడూ ఒకేరోజు కలిసొస్తే దానంత సరదా ఇంకోటి లేదు. సరదాని సరదా అనండి చాలు. సరదాకి తత్వం అక్కర్లేదు, ప్రవక్త అక్కర్లేదు, ఏసీ ఉన్నవాడి మీద జాలి అంతకన్నా అక్కర్లేదు. దాన్ని వేదాంతం అన్నప్పుడే మేష్టారి మారుతీ గుర్తొచ్చి నాలాంటివాడికి ఒళ్లు మండుతుంది.

అన్నట్టు, తిరుగు ప్రయాణం నాడు విమానాశ్రయానికి పెద్ద కారులోనే వెళ్లాం. చెల్లెమ్మ నడిపింది. మావాడు వెనక సీట్లో, నా పెట్టెల మధ్య కాళ్లు బారజాపుకుని, ఏసీ ఇంకాస్త పెంచమన్నాడు.