అర్ధరాత్రి అన్నదానం

శుభలేఖల అడుగున ఇప్పుడొక కొత్త వాక్యం వచ్చి చేరింది. ‘మిగిలిన భోజనం అనాథలకు అందజేయబడును’ అట. ముహూర్తం పెట్టిన రోజే మిగులుతుందని తెలిసిపోయిందన్నమాట! తెలియక చస్తుందా? పిలిచింది ఎనిమిది వందల మందిని, క్యాటరింగ్ ఆయనకు చెప్పింది పన్నెండు వందల ప్లేట్లు.

హాల్లోకి వెళ్తే చాట్, దోసెలు, పాస్తా, మూడు బిర్యానీలు, పేరు తెలియని నాలుగు తీపి వస్తువులు. ఆ వరస చివర పూలదండ వేసిన బోర్డు: ‘తినగలిగినంతే వడ్డించుకోండి’. తినేవాడికి సుద్దులు ఉన్నాయి కానీ, వండించినవాడికి ఏ బోర్డూ లేదు.

అసలు దానం రాత్రి పదకొండున్నరకు మొదలవుతుంది. పెళ్లివారి తాలూకు యువకుడొకడు ఏదో స్వచ్ఛంద సంస్థకు ఫోన్ చేసి, “ఫుడ్ ఉంది, త్వరగా రండి, హాలు ఖాళీ చేయాలి” అంటాడు. గొంతులో దాత వినయం ఉండదు, చెత్త బండివాణ్ణి పిలిచే తొందరే ఉంటుంది. పాపం ఆ సంస్థ కుర్రాళ్లు పొద్దున ఉద్యోగాలున్నా ఆటో మాట్లాడుకుని, డబ్బాలు వెతుక్కుని వస్తారు.

వచ్చి మూతలు తీస్తే బిర్యానీ ఉండదు. అది ఎప్పుడూ మిగలదు. మిగిలేది తెల్లన్నం, సాంబారు, అట్టముక్కల్లా బిగుసుకుపోయిన రుమాలీ రోటీలు, కరిగి పాలైన ఐస్‌క్రీం. సాయంత్రం ఆరింటికి వండిన అన్నం. దాన్ని మోసుకుని అనాథాశ్రమానికి చేరేసరికి పన్నెండున్నర.

అక్కడ పిల్లలు నిద్రపోతుంటారు. వాళ్లను లేపుతారు.

ఇక్కడ నాకు వ్యంగ్యం చేతకావడం లేదు. ఏడున్నరకే తిని పడుకున్న ఏడేళ్ల పిల్లను అర్ధరాత్రి లేపి, మీ సాంబారు పులవక ముందే తినమనడం ఏం పుణ్యం? మీ పిల్లకు పెడతారా ఆ అన్నం? మీ ఇంట్లో అయితే వాసన చూసి పారబోస్తారే! పైగా దాన్ని ఫొటో తీసి కుటుంబ గ్రూపులో పెట్టి, దండం బొమ్మలు వేయించుకుంటారా?

ప్రభుత్వాలూ ఈ భాగోతానికి తమ వంతు సాయం చేశాయి. 2017లో ఒక కేంద్ర మంత్రిగారు వృథా తగ్గించడానికి హోటల్ ప్లేట్లో ఎన్ని రొయ్యలుండాలో ఆలోచించారు. 2019లో హైదరాబాద్ నగరపాలక సంస్థ మిగిలిన తిండి పెట్టడానికి రోడ్ల పక్కన ఫ్రిజ్‌లు పెట్టించింది. రిబ్బను కత్తిరించడానికి ఫ్రిజ్‌ను మించిన వస్తువు లేదు. దాన్ని రోజూ కడిగే మనిషి మాత్రం ఫొటోలో కనపడడు. అదే ఏడు ఆహార భద్రతా సంస్థ మిగులు పంపిణీకి నిబంధనలు రాసింది. మంచిదే. పంచేవాడు పేరు నమోదు చేసుకోవాలి, లెక్కలు రాయాలి. ఎనిమిది వందల మందికి పన్నెండు వందల ప్లేట్లు ఎందుకని పెళ్లివారిని అడిగే గీత మాత్రం ఒక్కటీ లేదు. ఫ్రాన్స్ 2016లో తినదగ్గ సరుకును పాడుచేయకూడదని పెద్ద దుకాణాలకే చట్టం పెట్టింది. మనం అతిథికి బోర్డు పెట్టాం.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024 నివేదికలో మన ఇళ్లలో వృథా అయ్యే తిండి తలకు ఏడాదికి 55 కిలోలని అంచనా కట్టారు. రాత్రి అన్నానికి పొద్దున్నే పోపు వేసే ఇల్లాలు కూడా ఆ లెక్కలో ఉంది. హాలు వెనక డ్రమ్ముల్లోకి పోయినదాని లెక్క ఏ ఇంటి ఖాతాలోనూ పడదు.

అంత దయ ఉంటే, ఆర్డరిచ్చేటప్పుడే వంద ప్లేట్లు విడిగా రాయించండి. పగలు ఒంటిగంటకు, పొగలు కక్కుతుండగా, మీ వియ్యంకులు తినబోయే ఆ బిర్యానీనే ముందు ఆశ్రమానికి పంపండి. ఫొటో కూడా ఎండ వెలుగులో బాగా వస్తుంది.