గీత విరిగితే తెలిసేది

మా రోజుల్లో ప్రోగ్రాం అంటే చేత్తో మోసుకెళ్లేది. లైనుకో పంచ్ కార్డు, కార్డుకి 80 గళ్లు. ఫోర్ట్రాన్‌కి 72 దాకా చాలు. మిగిలిన ఎనిమిదింట్లో వరస నంబరు గుద్దేవాళ్లం. కట్ట సర్ది, పైఅంచు మీద ఐమూలగా పెన్నుతో ఓ గీత గీసేవాళ్లం. సబ్‌రొటీన్ ఒకటి ఎత్తి వెనక పెట్టామా, గీత అక్కడ విరిగేది. ముక్క ఎంత ఎత్తున ఉందో చూస్తే ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలిసిపోయేది. కార్డులు అవే, చోటే మారింది.

ఇప్పుడో? మారేడ్‌పల్లిలో మా కింది వాటా కుర్రాడు ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాడు. "అంకుల్, మావాడొకడు నాలుగొందల లైన్లు తీసేసి నాలుగొందలు రాశాడు. రివ్యూ నా నెత్తిన పడింది." తెరంతా ఎరుపూ పచ్చా. చూద్దును కదా, ఉన్న ఫంక్షన్లనే ఇంకో ఫైల్లోకి జరిపాడు! పైగా ఆ లైన్లు ఎవరు రాశారని అడిగితే, కోడ్ మార్పుల చిట్టా ఉంచే గిట్ జరిపినవాడి పేరే చెబుతోంది. ఇల్లు మారితే సామాను కూలీదైపోయినట్టు.

పాత ఫైలుకీ కొత్త ఫైలుకీ తేడా చూపే డిఫ్ 1970ల్లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. దానికి లైన్లే తెలుసు, ఫంక్షన్లు తెలియవు. అప్పటి మెషీన్లకి అదే గొప్ప. మరి 2005లో టోర్వాల్డ్స్ రాసిన గిట్‌కేం వచ్చింది? ఫైలు పేరు మారిన సంగతి అది రాసిపెట్టుకోదు. రెండు ఫైళ్లూ సగానికి సగం కలిస్తే 'ఇదే అది కాబోలు' అనుకుంటుంది. అందుకే ముందు పేరు మార్చి కమిట్ కొట్టండి, తర్వాత లోపల చెయ్యి పెట్టండి అని మొత్తుకుంటాను. వింటేగా!

మా కాలమంతా బంగారమనీ అనను. రైల్వే రిజర్వేషన్ల సాఫ్ట్‌వేర్ కాన్సర్ట్ 1994లో మొదట నడిచింది మన సికింద్రాబాద్‌లోనే, వీఎంఎస్ అనే ఆపరేటింగ్ సిస్టం మీద. ఆ వీఎంఎస్‌లో ఫైలు సేవ్ చేసినప్పుడల్లా పేరు పక్కన సెమికోలన్, కొత్త నంబరు. భలే ఉండేది. ఎవడో పర్జ్ కొట్టాడంటే మాత్రం ఆఖరిది తప్ప చరిత్రంతా గోవిందా.

గిట్‌లోనూ ఉపాయం లేకపోలేదు. జరిపిన లైన్లకి వేరే రంగు వేసే కలర్-మూవ్‌డ్ ఉంది. అడిగితే గానీ చెయ్యదు, అదీ నా కోపం. కుర్రాడి చేత పెట్టించాను. నిజంగా మారినవి మూడే లైన్లు మిగిలాయి. రెండు కామెంట్లు. మూడోదాంట్లో 'తక్కువైతే' అన్న షరతు 'తక్కువైనా సమానమైనా' అయి కూర్చుంది, కమిట్ మెసేజ్‌లో ఆ ఊసే లేదు.